18 గుంతల ఆట

బెంగళూరు కాడుగోడి సాఫ్ట్‌వేర్ మనవాడొకడికి గోల్ఫ్ పిచ్చి పట్టింది. ఆదివారం తెల్లారకముందే దొమ్మలూరు దగ్గరి కోర్సుకు కారు తీశాడు.

కోర్సులో గుంతలు 18. వెడల్పు నాలుగుంబావు అంగుళాలు, ఒక్కోదానికి ఒక్కో జెండా.
దారి పొడవునా గుంతలే. జెండా ఊసే లేదు.

పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి 3 నిమిషాలే గడువు.
దారిలో హోప్‌ఫారం జంక్షన్‌లో 3 నిమిషాలంటే బ్రేకు మీంచి కాలు తీయడానికే చాలవు!

పార్, అంటే కొట్టాల్సిన దెబ్బల లెక్క, 72. మనవాడు 118 కొట్టాడు. సగం కొట్టుడు ఇసుకకే.

అన్నట్టు, వాననీరు నిలిచిన చోటో, మరమ్మతు నేల అని గుర్తుపెట్టిన చోటో బంతి పడితే పెనాల్టీ లేకుండా తీసి పక్కన వేసుకోవచ్చు.

బంతికి రోడ్డు పన్ను కూడా లేదు మరి.