హెరాల్డ్‌కి కొత్త పంపు కొనకండి

స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నవాళ్లకి మెకానిక్కులు చెప్పే మాట ఒక్కటే: "నీళ్ల పంపు కారుతుంటే విప్పుకుని కూర్చోకండి, కొత్తది తెప్పించి బిగించెయ్యండి." నేను వద్దంటాను. రెండింతలు ఖర్చయినా సరే, పాతదే బాగుచేసుకోండి.

1961 నుంచి పదేళ్లపాటు మద్రాసులో తయారైన బండి అది. మడ్‌గార్డులతో సహా బానెట్టంతా ముందుకి వాలుతుంది కాబట్టి టైరు మీద కూర్చునే పంపు విప్పొచ్చు. ఆ సుఖం వదులుకుని షాపుకి తోలడమెందుకండీ?

ముందు పుల్లీని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే బేరింగు పోయినట్టే. తర్వాత వేలితో పంపు కింద తడమండి, చిన్న బెజ్జం తగులుతుంది. అక్కణ్ణుంచి చుక్కలు పడుతున్నాయంటే సీలు అరిగింది. ఆ బెజ్జాన్ని మాత్రం ఎంసీల్‌తో మూసెయ్యకండి! సీలు దాటొచ్చిన నీరు బేరింగులోకి పోకుండా బయటపడాలనే దాన్ని పెట్టారు. మూశారో, ఒక రోగం రెండవుతుంది.

పోత ఒళ్లు పగలకపోతే అది ఉంచుకోండి. బేరింగూ సీలూ మార్చి, లోపలి రెక్కల చక్రం ఒళ్లుకి రాసుకోకుండా బిగించండి. గాస్కెట్ షీటు కొనుక్కుని మీరే కత్తిరించండి. మధ్యాహ్నమంతా పట్టినా పట్టనివ్వండి. గోదావరి గట్టున తాళ్లపూడి దాటాక ఒకసారి నా బండి ఉడికిపోయింది. అంతకు వారం ముందే కొత్త పంపు వేసినవాడు పాత గాస్కెట్ ముక్కలు గీకకుండా పైన కొత్తది అంటించాడు, నీళ్లన్నీ అతుకులోంచి పోయాయి. చెట్టు కింద గంటసేపు ఆగి, ఇంజను చల్లారాకే రేడియేటర్ మూత తీశాను. మీరు కూడా వేడి మీద తియ్యకండి.

గట్టు మీదే ఉన్నాం కదాని గోదావరి నీళ్లు ముంచి పొయ్యకండి. వరద రోజుల్లో ఎర్రనీటితో వచ్చే ఒండ్రు సన్నటి గొట్టాల్లో పేరుకుపోతుంది. డిస్టిల్డ్ వాటరులో కూలెంటు కలిపి పొయ్యండి. పట్టిసీమ ఎత్తిపోతల పంపులు నదినీటి కోసమే కట్టినవి. 24 పంపులు కలిసి 8,500 క్యూసెక్కులు తోడతాయి, ఒకటి ఆగినా తక్కినవి నడుస్తాయి. హెరాల్డ్‌కి ఉన్నది ఒక్కటే. ఆ ఒక్కదానికీ బెల్టు మరీ బిగించి బేరింగు మీద బరువు పెట్టకండి.

శివరాత్రి తీర్థానికి బండి తీయాలని పంతం పట్టకండి. బేరింగు దొరక్క మూడు నెలలు ఇటుకల మీదే ఉన్నా ఓపిక పట్టండి. చివరికి పోత ఒళ్లే పగిలి కొత్తది వెయ్యక తప్పని రోజొస్తే, పాతదాన్ని ఇనపకొట్టుకి వెయ్యకండి. తుడిచి, నూనె రాసి, అటక మీద పెట్టండి. రెక్కల చక్రం, పుల్లీ ఇంకో హెరాల్డ్‌కి పనికొస్తాయి.