దేవుడికి చెప్పాను, అల్లుడు విన్నాడు

నా అక్కరలు మనుషులకు చెప్పను, దేవుడికే చెప్పుకుంటాను. టీచరుగా చేరిన కొత్తలో జార్జి ముల్లర్ జీవితచరిత్ర చదివిన ఊపులో పెట్టుకున్న నియమం ఇది. ఇంగ్లండులోని బ్రిస్టల్లో ఆయన పదివేల మందికి పైగా అనాథ పిల్లల్ని సాకాడు. 1898లో కన్నుమూసేదాకా మాకింత ఇవ్వండని ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. మోకాళ్ల మీద అడిగాడు, బల్ల మీదికి రొట్టె వచ్చింది. హైదరాబాదులో హెబ్రోను సంఘం స్థాపించిన సువార్తికుడు బక్తసింగ్ గారిదీ అదే బాట. వాళ్లిద్దరి తర్వాత మూడోవాణ్ని నేనేనని లోలోపల ఒక మురిపెం. పైకి అనలేదు గానీ నేను సాక్ష్యం చెబుతుంటే ఆ వాసన వచ్చేది.

రిటైరయ్యాక ఒంగోలు నుంచి హైదరాబాదుకు రాకపోకలు పెరిగాయి. అమ్మాయి కాపురం దిల్‌సుఖ్‌నగర్‌లో, తమ్ముడి ఇల్లు ఎల్బీనగర్‌లో. వస్తున్నట్టు ముందుగా చెప్పను. ప్రభువు నడిపిస్తే బయల్దేరతాను. రాత్రి బస్సు తెల్లవారుజామున ఎల్బీనగర్ చౌరస్తాలో దింపుతుంది. ఆ వేళకు మెట్రో ఉండదు. 'నీవే దిక్కు తండ్రీ' అనుకుని, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, అమ్మాయికి ఫోన్ చేసి 'ఎల్బీనగర్‌లో దిగాను తల్లీ' అంటాను. అంతే. రమ్మని అడగలేదు కదా! కాసేపటికి నైట్ డ్యూటీ దిగిన కళ్లతో అల్లుడుగారు బండి మీద వచ్చి నిలబడతారు. దేవుడు సమకూర్చాడనుకుంటూ వెనక ఎక్కి కూర్చుంటాను.

ఒకసారి ఉత్త చేతుల్తో వచ్చి, గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిలు తీసుకుందామని బండి ఆపించాను. మార్కెట్ ఎప్పుడో బాటసింగారం తరలిపోయింది, ఆ స్థలంలో అప్పటికి ఆసుపత్రి కడుతున్నారు. చివరికి అల్లుడుగారే ఎక్కడో పళ్లు కొని నా చేతికిచ్చి, 'పాపకి మీరే ఇవ్వండి మామయ్యగారూ' అన్నారు. అప్పుడూ స్తోత్రం చెప్పాను. దేవుడికి చెప్పాను, అల్లుడికి కాదు.

వాళ్లది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. మత్తయి సువార్త ఆరో అధ్యాయం ప్రకారం గదిలోకి వెళ్లి తలుపేసుకుని ప్రార్థన చేసుకోవాలి. ఒక గదిలో అప్పుడే పడుకున్న అల్లుడుగారు, ఇంకో గదిలో అమ్మాయీ మనవరాలూ. నాకు మిగిలింది హాలు. నాలుగున్నరకల్లా లేచి, దివాన్ పక్కన చాప పరుచుకుని, ముందు 'ఎడారిలో సెలయేర్లు' ధ్యానాల పుస్తకంలో ఆనాటి పేజీ పైకి చదువుతాను. తర్వాత మోకరిస్తాను. వెనక బెంచీకి వినబడేలా ఏళ్ల తరబడి పాఠం చెప్పిన గొంతు, దేవుడి దగ్గర మాత్రం తగ్గుతుందా! దేశనాయకులు, సంఘం, దైవసేవకులు, రోగులు అయ్యాక సొంత అక్కరల్లోకి దిగుతాను. 'ప్రభువా, ఈ వయసులో నాకు అరుగుదల లేదు, రాత్రి మసాలా కూరకు కడుపులో మంటగా ఉంది, జ్ఞాపకం చేసుకో. బీపీ మాత్రలు రేపటితో అయిపోతాయి, నీకు తెలుసు. ఆదివారం ఆరాధనకు ఒంగోలు చేరేలా మార్గం సరాళం చెయ్యి తండ్రీ.'

మధ్యాహ్నం కంచం పక్కన గ్లాసుడు మజ్జిగ ఉండేది. సాయంత్రానికి మాత్రల అట్ట, నేను వాడే కంపెనీదే. రాత్రికి బస్సు టికెట్, అదీ కిటికీ పక్క సీటు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదే! డైరీలో తేదీ వేసి, కింద 'ప్రార్థనకు జవాబు' అని రాసుకునేవాణ్ని.

మొన్నటి ప్రయాణంలో మనవరాల్ని తీసుకుని మెట్రోలో తమ్ముడింటికి బయల్దేరాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే ఎల్బీనగర్. ఆరో నిజాం హయాంలో వెలసిన అనాథాశ్రమం పేరే ఆ విక్టోరియా స్టేషనుకు పెట్టారు. అనాథలనగానే నాకు పూనకం వచ్చి పిల్లకు ముల్లర్ కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, 'ఆయన కూడా మీలాగే గట్టిగా ప్రార్థన చేసేవారా తాతయ్యా?' అంది. 'ఆ సంగతి రాయలేదమ్మా' అన్నాను. దాని ప్రశ్న నా బుర్రకెక్కలేదు.

తమ్ముడింట్లో కుటుంబ ప్రార్థన దగ్గర మజ్జిగ, మాత్రలు, టికెట్ వరసగా సాక్ష్యం చెప్పాను. మరదలు స్తోత్రం అంది. తమ్ముడు మాత్రం, 'అన్నయ్యా, క్లౌ దొరగారి సంగతి గుర్తుందా?' అన్నాడు. గుర్తులేకేం! మా ఒంగోలు మిషనరీ ఆయన. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు. ఆ అంకె వింటూ పెరిగినవాళ్లం. 'దానికి ముందు సంగతి అడుగుతున్నా' అన్నాడు. ముందు ధాత కరువు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు దొరగారు తన నెత్తినేసుకుని, ఆకలితో అల్లాడే జనానికి పనిచ్చాడు. బోధకులు మేస్త్రీలయ్యారు. తిండిగింజల కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని చాన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు.

'ఆయనా మోకాళ్లూనినవాడేగా. తవ్వినవాళ్లకి కూలిచ్చాడు. నీకు మజ్జిగ చేసిపెట్టినవాళ్లకి నువ్వేమిచ్చావు?'

వీడికి విశ్వాసం చల్లారిందనుకుని మెట్రో ఎక్కాను. దార్లో మా ఆవిడ ఫోన్. 'ఏమండీ, రేపు ప్రార్థనలో చేపల పులుసు ఎత్తకండి. నెలాఖరు. పొద్దున్నే అమ్మాయి నాకు ఫోన్ చేసి, నాన్న ఇవాళ ఫలానావి ప్రార్థించాడమ్మా, ఆ మాత్రల పేరేంటని అడుగుతుంది. అల్లుడుగారు లిస్టు రాసుకుని బజారుకెళ్తున్నారు.'

ఆ రోజు 27వ తేదీ. సాయంత్రం అమ్మాయింట్లో కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. ఏ తేదీకి ఆ అంకె అధ్యాయం సామెతల గ్రంథంలోంచి తలా ఒక వచనం చదవడం మా ఆనవాయితీ. పద్నాలుగో వచనం నా వంతుకొచ్చింది. వేకువనే లేచి పెద్ద గొంతుతో స్నేహితుణ్ని దీవించేవాడి దీవెన శాపం కిందే జమ అని దాని తాత్పర్యం. ఎన్నోసార్లు చదివినదే. ఈసారి సగంలో గొంతు పట్టేసింది. మనవరాలు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకుంది. అమ్మాయి లేని పని కల్పించుకుని వంటింటి వైపు చూసింది. అల్లుడుగారు మాత్రం ఏమీ ఎరగనట్టు పదిహేనో వచనం అందుకున్నారు. అది గయ్యాళి పెళ్లాం గురించి. పాపం, దాన్ని ఇంకా మెల్లగా చదివారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నమ్మకం అనుకున్నదాంట్లో సగం మామగారి పరువు. ఆడపిల్లనిచ్చిన ఇంట చెయ్యి చాచకూడదని మా నాన్న నేర్పిన మర్యాద. 'బాబూ, నాకో టికెట్ తియ్యండి' అని అల్లుణ్ని అడగడం నాకు నామోషీ. అదే మాట కళ్లు మూసుకుని అంటే భక్తి! ముల్లర్ ఎవరినీ అడగలేదు, నిజమే. కానీ వచ్చిన సొమ్ముకు ఏటేటా లెక్కలు అచ్చువేసి లోకం ముందు పెట్టాడు. నేను లెక్క ఎగ్గొట్టాను, నోరూ కట్టుకోలేదు. నేను రోజూ చదివే ఆ ధ్యానాల పుస్తకం ఇంగ్లిషులో 1925లో వచ్చింది. దాన్ని కూర్చిన కౌమన్ అమ్మగారు అంతకుముందు మంచాన పడ్డ భర్తకు ఏళ్ల తరబడి సేవ చేసింది. ఆ పేజీలు నేను హాల్లో రాగం తీసి చదువుతుంటే, సేవ వంటింట్లో జరిగిపోయేది.

మర్నాడు అల్లుడుగార్ని అడిగేశాను, 'బాబూ, టికెట్ డబ్బులెంతయ్యాయండీ?' అని. ఆయన నవ్వి, 'దేవుడిచ్చాడని మీరే అన్నారుగా మామయ్యగారూ, ఆయనకే కట్టండి' అన్నారు. ఆ డబ్బు కానుకల పెట్టెలో వేస్తే ఇంకో తెలివితక్కువ పని అవుతుందని, మనవరాలి స్కూలు ఫీజులో కలపమని అమ్మాయి చేతిలో పెట్టాను. అది వద్దనలేదు. నాకు అదే ఊరట.

ఒంగోలు వచ్చాక పాత డైరీలు ముందేసుకుని, ఒక్కో జవాబు పక్కన ఆ పని చేసిపెట్టినవాళ్ల పేరు రాయడం మొదలెట్టాను. హైదరాబాదు పేజీలు తొందరగానే అయిపోయాయి. ఒంగోలు పేజీలే తెమలడం లేదు, ఎన్ని తిప్పినా మా ఆవిడ పేరే పడుతోంది.