కంజీర మీద హంస

నాకు కంజీర వాయించడం రాదు. వాయించడం రానివాడు వాద్యానికి నగలు పెట్టాలనుకుంటే మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఈత నేర్చుకుందామని నేను కొన్న కళ్లజోడు ఇప్పటికీ అలమరలో పొడిగా ఉంది.

అసలు తప్పంతా మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిన బొబ్బిలి వీణది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణ. అంచుల వెంట తెల్లటి లతలు, పువ్వులు పొదిగి ఉంటాయి. పూర్వం వీణలకు ఏనుగు దంతం, జింక కొమ్ము పొదిగేవారు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్కే. పెళ్లయినప్పటి నుంచి ఆ వీణ మీద దుమ్ము తుడుస్తున్నది నేనే కాబట్టి, ఆ పనితనం ఎంతోకొంత చేతికి అంటుకునే ఉంటుందనుకున్నాను.

వీణ మీద ఉలి పెడితే ఆ పూట నాకు అన్నం పుట్టదు. అందుకని కంజీర. చిన్న వాద్యం, చిన్న నష్టం. ఎనిమిది అంగుళాల పనస చట్రం, ఒకవైపు చర్మం, పక్కన ఒక గాడిలో గలగలలాడే బిళ్లలు, అంతే. భజనల్లో తిరిగే ఈ వాద్యాన్ని కచేరీ వేదిక ఎక్కించిన ఘనత పుదుక్కోట్టై మాన్‌పూండియా పిళ్లైది. పాత రోజుల్లో దీనికి ఉడుము చర్మం వేసేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుముకు రక్షణ దొరికింది. మేకకు దొరకలేదు. చట్రాన్ని లేత్ మీద తిప్పించి తెచ్చుకుని, మేక చర్మం నానబెట్టి నేనే అంటించాను. నానబెట్టిన రోజున ఆ వాసన మీద అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చ జరిగింది. నేనూ పాల్గొని, డ్రైనేజీ మీద నా అనుమానం వెలిబుచ్చాను.

పొదుగు పని చర్మం వెయ్యకముందే చేసుకోవాలట. నేను ముందు చర్మం వేశాను. దాంతో ఉలి మీద సుత్తి దెబ్బ పడినప్పుడల్లా కంజీర గుమ్మనేది. నా చేతిలో అది పలికిందంటే అప్పుడే.

ముత్యపు చిప్పతో ఒక హంసను చేసి చట్రం మీద కూర్చోబెట్టాలని నా పథకం. తెలిసినవాళ్లు ముందు హంసను కోస్తారు. దాన్ని చెక్క మీద పెట్టి, చుట్టూ పదునైన కత్తితో గీసి, ఆ గీతలో సుద్ద రుద్ది, తెల్లగా కనిపించే గీత లోపల మాత్రం తొలుస్తారు. పక్షిని బట్టి గూడు. నేను ముందు గూడు తొలిచి, దానికి సరిపోయే పక్షి కోసం చూశాను. తొలిచేటప్పుడు మెడ దగ్గర ఉలి జారింది. అక్కడ ఒక ఆకు వేశాను. ఆకు కొన దగ్గర మళ్లీ జారింది. పువ్వు వచ్చింది. చూసినవాళ్లంతా “లత భలే కుదిరిందండీ” అన్నారు. అది ఉలి జారిన దారి అని నేను చెప్పలేదు.

గుండ్రటి చట్రంతో ఇంకో చిక్కుంది. ఎనిమిది అంగుళాల వలయం మీద అంగుళం వెడల్పున్న చదునైన చిప్ప పెడితే, మధ్యలో ఆనుతుంది, అంచుల దగ్గర దాదాపు 0.8 మిల్లీమీటర్లు లేచి ఉంటుంది. చిప్ప మందమే మిల్లీమీటరున్నర. లేచిన అంచుల్ని చట్రం వంపుకు అరగదీస్తే అక్కడ సగం చిప్పే మిగులుతుంది. అందుకే ఇలాంటి చోట బొమ్మను చిన్న చిన్న ముక్కలుగా కోసి పేరుస్తారు. ఈ సత్యం నాకు హంస తోక ఆకురాయి కింద పుటుక్కుమన్నాక తెలిసింది. తోక లేని హంసను మా ఆవిడ కాసేపు చూసి, “బాతుకు ఒంట్లో బాగాలేదా?” అంది.

చిప్ప దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని, కరోనా నాటి మాస్కులు మాత్రం తనే వెతికి ఇచ్చింది. మాస్కు వేసుకుంటే సంజాయిషీలు సరిగా వినపడవన్నది అందులో ఇంకో సౌకర్యం.

సంజాయిషీలు చాలానే ఉన్నాయి. చిప్ప కోయాలంటే బల్ల అంచు నుంచి ముందుకు చొచ్చుకొచ్చే ఒక చెక్క కావాలి. దాని కొసన ‘వి’ ఆకారంలో నోరు ఉండాలి. చిప్పను ఆ నోటి మీద అదిమిపట్టి, కంసాలి రంపాన్ని నోట్లో నిలువుగా ఆడించాలి. గట్టి చెక్క, చదునైన ముఖం, చాలినంత మందం. ఈ లక్షణాలన్నీ ఉన్న వస్తువు మా ఇంట్లో ఒక్కటే ఉంది. చపాతీ పీట.

ఇక కాఫీ పొడి. గూటికీ హంసకీ మధ్య మిగిలిన సందుల్ని పూడ్చడానికి ఎపాక్సీలో కాఫీ పొడి కలిపితే నల్లగా, ముచ్చటగా వస్తుంది. సందులు సన్నగా ఉంటే చిటికెడు చాలు. మా ఇంట్లో రెండు పూటల ఫిల్టర్ కాఫీ ఆగిపోయిందంటే సందులెంతో మీరే ఊహించుకోండి. ఆరాక సాండ్‌పేపర్ పట్టి, నూనె రాసి చూస్తే హంస మందంగా నల్ల కాటుక పెట్టుకున్నట్టుంది. నాకు మాత్రం ముద్దొచ్చింది.

శనివారం ఆంజనేయస్వామి గుడిలో భజనకు తీసుకెళ్లాను. కంజీర వాయించే మేష్టారు దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పకుండా, బోర్లించి చర్మం లోపలివైపు నాలుగు నీటిచుక్కలు చల్లి వేళ్లతో పులిమారు. నాదం దిగింది. ఎడమచేత్తో చట్రం అడుగున పట్టుకుని మొదలుపెట్టారు. ఆ పట్టు సరిగ్గా నా హంస మీదే పడింది. భజన అయ్యేదాకా హంస అరచేతి కిందే ఉంది. ఆకులూ పువ్వులూ వేళ్ల కిందకి పోయాయి. నాదం మాత్రం, దాచుకోవడమెందుకు, బాగుంది. ఆ పనస చెక్కలో నేను చెడగొట్టలేని భాగం చాలా ఉందన్నమాట.

హారతి అయ్యాక మేష్టారు కంజీర తిరిగిచ్చి, “మోత దివ్యంగా ఉందండీ. పట్టుకునే చోట ఏదో గీరుకుంటోంది, కాస్త అరగదీయించండి” అన్నారు.

ఇంటికొచ్చి నూనెగుడ్డ తీస్తుంటే మా ఆవిడ చపాతీ పీట తెచ్చి నా ముందు పెట్టింది. ఆ పీట మీద ఒత్తిన ప్రతి చపాతీకీ ఈ మధ్య ఒక ముక్కు వస్తోంది.

“ముందు ఈ నోరు పూడ్చండి” అంది. “కాఫీ పొడి మాత్రం ముట్టుకోకండి.”