చాకలిపేట నుంచి హాలేకి

మా రోజుల్లో భాష చదువుతున్నానంటే "ఎందుకురా?" అనేవాళ్లే గాని, "ఎన్ని నెలల్లో అయిపోతుంది?" అన్నవాళ్లు లేరు. మా నాన్నకి మద్రాసు చాకలిపేట ఎం.సి. రోడ్డులో బట్టల కొట్టు. ఎం.ఏ. ఇంగ్లీషులో వెయ్యేళ్ల కిందటి ఆంగ్లో శాక్సన్ కూడా చదవాలని చెబితే, "ఆ భాషలో ఎవరికమ్ముతావురా చీరలు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

హెన్రీ స్వీట్ ఆంగ్లో శాక్సన్ రీడరు మూర్ మార్కెట్‌లో అట్ట ఊడినది దొరికింది. 1876లో మొదట అచ్చయిన ఆ పుస్తకంతోనే కుస్తీ పట్టాం. ఒకరోజు పాఠంలో 'వీఫ్' అనే మాట వచ్చింది. ఆడమనిషి అని అర్థం, లింగమేమో నపుంసకం! తమిళ పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్లకి 'వందాళ్' (ఆమె వచ్చింది) వేరు, 'వందదు' (అది వచ్చింది) వేరు మరి. నాకు నవ్వు రాలేదు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అనే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇప్పుడు మా మనవడు జర్మన్ నేర్చుకుంటున్నాడు. ఏ1, ఏ2, బి1 అంటూ మెట్రో స్టేషన్లు లెక్కపెట్టినట్టు చెబుతాడు. ఆ భాషలో 'మేట్షెన్' అంటే అమ్మాయి, అదీ నపుంసకమే. మన తెలుగు సంగతి చెప్పబోతే, "తాతయ్యా, అది పరీక్షలో రాదు" అన్నాడు. వీసా కోసం బ్యాంకులో చూపించాల్సిన 11,904 యూరోలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. 'దాస్' అని మొదలెట్టిన ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుందని తల పట్టుకుంటాడు. ఇంట్లో పొద్దున్నుంచీ క్రియ చివర పెట్టే మాట్లాడుతున్నావు గదరా!

ఒక్కటి ఒప్పుకుంటాను. మాకు ఉచ్చారణ అంటే మేష్టారి నోరే, ఆయనా చెవితో విన్నది కాదు. వీడికి ఫోన్లో జర్మన్ ఆవిడ జర్మన్ మాటే పలికి వినిపిస్తుంది.

వీడికి సీటొచ్చింది జర్మనీలో హాలే ఊళ్లో. 1726లో తరంగంబాడి నుంచి మన మద్రాసుకొచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరీ ఇక్కడే తెలుగు నేర్చాడు, వ్యాకరణం రాశాడు. తిరిగి వెళ్లాక 1740లలో అదే హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు తొలి అచ్చు పుస్తకాలు అవే. ఆయన తెలుగు కాస్త మొరటుదేలెండి, అయినా రాశాడు.

మా వాడికి తెలుగు అక్షరాలు రావు. 2006 చట్టంతో బళ్లో తమిళం తప్పనిసరయింది, దాన్ని తప్పుపట్టను. ఇంట్లో నేర్పనిది మేమే. అక్కడ ఆ పుస్తకాలు కనిపిస్తే ఫొటో తీసి పంపమన్నాను. అందులో ఏముందో మళ్లీ ఫోన్లో నేనే వాడికి చదివి చెప్పాలి.