గిరిదోష నిర్ణయ చంద్రిక

కొండకు ముఖం ఎటు, వెన్ను ఎటు అన్న విచారం భూగోళం పంతులుకు అక్కర్లేదు. రెండు సెంట్లు కొనబోయేవాడికి కావాలి. వాడి కోసమే ఈ శాస్త్రం.

మొదటి సూత్రం: ఉత్తరాన ఉన్న కొండ మంచిదీ, చెడ్డదీ.

భాష్యం. చైనావాళ్ల ఫెంగ్‌షుయ్‌లో ఇల్లు దక్షిణానికి చూడాలి. వెనక ఉత్తరాన నల్ల తాబేలనే కొండ కాపు కాయాలి. ఎడమపక్క తూర్పున నీలి డ్రాగన్, కుడిపక్క పడమట తెల్ల పులి, ఎదురుగా ఎర్ర పక్షి. గువో పూ పేరున చెలామణీలో ఉన్న సమాధుల గ్రంథం గాలి చెదరగొట్టని, నీళ్లు అందే చోటు వెతుక్కోమంటుంది. అక్కడ చలికాలం ఉత్తరపు గాలి ఎముకలు కొరుకుతుంది కాబట్టి అందులో న్యాయం ఉంది. మన వాస్తు పంతులు మాత్రం చెవులు మూసుకుంటాడు. ఉత్తరం పల్లంగా ఉండాలి, బరువంతా నైరుతిలో పడాలి!

దీనికి మదనపల్లె దృష్టాంతం. ఊరికి వాయవ్యంలో 4,000 అడుగుల పైచిలుకు ఎత్తున ఏనుగు మల్లమ్మ కొండ కూర్చుంది. 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్‌లీ చల్లగాలికి ఆశపడి అక్కడ బంగళా కట్టుకున్నాక అది హార్స్‌లీ హిల్స్ అయింది. ఆ బరువు వల్లే ఊళ్లో డబ్బు నిలవదని ఒక పక్షం. 2023 జులైలో ఇక్కడి మార్కెట్లో టమాటా కిలో 150 రూపాయలు దాటినప్పుడు ఆ పక్షం నోరెత్తలేదు. ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోసే ఏళ్లలో మళ్లీ గొంతు సవరించుకుంటుంది. కొండ మాత్రం అప్పుడూ ఇప్పుడూ అంగుళం కదల్లేదు.

దోష పరిహారం: మిద్దె మీద నైరుతి మూల ఇటుకల దిమ్మె లేపి, దానిమీద వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఎక్కించడం. 4,000 అడుగుల కొండకు ఇది సరితూగుతుందని పంతులు ఫోన్లో దిక్సూచి చూసి మరీ తేల్చాడు. మూత బోర్లించిన ఆ ట్యాంకు దూరానికి అచ్చం తాబేలే. చైనావాడు చూస్తే తాబేలును తప్పు మూల కట్టేశారని బాధపడతాడు.

రెండో సూత్రం పుంగనూరుది. ఫెంగ్‌షుయ్‌లో డ్రాగన్ కంటే పులి ఎత్తు పెరగకూడదు, అంటే తూర్పు ఎత్తు, పడమర తక్కువ. మన వాస్తులో సరిగ్గా తలకిందులు. ఈ రెండు శాస్త్రాలకూ అడ్డురాని ఎత్తు పుంగనూరు ఆవుది. మూడడుగులకు అటూ ఇటూ ఉండే ఆ జీవాన్ని ఏ మూల కట్టేసినా ఎవరూ అభ్యంతరం చెప్పరు.

కుప్పానికొస్తే శాస్త్రం కాస్త చిక్కుబడుతుంది. ఫెంగ్‌షుయ్ కొండల్ని ఆకారాన్ని బట్టి పంచభూతాలకు పంచింది: గుండ్రనిది లోహం, నిట్రాయిలాంటిది చెట్టు, అలలుగా పోయేది నీరు, మొనదేలింది నిప్పు, బల్లపరుపుది మన్ను. కుప్పం చుట్టూ గుండ్రటి గుట్టలకు కొదవ లేదు. గుండు కొట్టి చూస్తే రాయే. సరిహద్దు అవతల కోలారులో, ఇవతల చిగురుగుంటలో బంగారం తవ్విన కంపెనీ కొండ ఆకారం చూడలేదు, రాతిలో చార చూసింది. ఆ గనులూ 2001లో మూతపడ్డాయి.

కొండల వరసలో డ్రాగన్ నరం పారుతుందని, దాన్ని తెగ్గొడితే మహాపాపమని చైనా నమ్మకం. మహా కుడ్యం కట్టించిన సేనాని మెంగ్ తియాన్ క్రీ.పూ. 210లో చావబోతూ, భూమి నరాలు తెగ్గొట్టినందుకే తనకీ గతి అనుకున్నాడట. చరిత్రకారుడు సిమా చియాన్ ఒప్పుకోలేదు: నరాల సంగతి తర్వాత, అలసిపోయిన జనాన్ని వెట్టికి తోలావు, అదీ నీ నేరం అన్నాడు. మన పంతుళ్లలో ఇంత మాట అనగలిగినవాడు నాకు తగల్లేదు.

ఆ నరాలనే ఈ ప్రాంతంలో తీగరంపంతో దిమ్మెలుగా కోసి, కుప్పం గ్రీన్ వంటి పేర్లతో అమ్ముతున్నారు. మన దేశపు ముడి గ్రానైట్‌కు అతిపెద్ద గిరాకీ చైనాది.

కనుక సిద్ధాంతం ఇది. స్థలం కొనేటప్పుడు కొండ ఏ దిక్కున ఉందో పంతులును అడగండి, తప్పులేదు. దానిమీద క్వారీ లీజు ఉందేమో మాత్రం గనుల శాఖ ఆఫీసులో ముందే కనుక్కోండి.