పసుపు సిలిండర్ ఆత్మకథ

నేను క్లోరిన్ సిలిండర్‌ని. ఉక్కు ఒళ్లు, పసుపు రంగు, చివర ఒక వాల్వు. ఎక్కడ, ఎలా తయారయ్యానో చెప్పి విసిగించను. మా వంశానికి మంచి పేరే ఉంది. పొద్దున్నే కుళాయి నీళ్లలో మీ ముక్కుకు తగిలే ఘాటు మావాళ్ల పనే. కలరా, టైఫాయిడ్ మీ గుమ్మం తొక్కకుండా వందేళ్లకు పైగా కాపలా కాస్తున్నాం.

ఆ మంచి పేరే నా కొంప ముంచింది. 2013 ఆగస్టులో సిరియా రాజధాని డమాస్కస్ శివారు గూటాలో సారిన్ విషవాయువు నింపిన రాకెట్లు వందలాది మందిని చంపాక, సిరియా రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో చేరింది. సారిన్‌కు లెక్క చెప్పాల్సి వచ్చింది. నీళ్లకు కావలసినవాళ్లం కాబట్టి మా జోలికి ఎవరూ రాలేదు. మమ్మల్ని ఆయుధంగా వాడటమూ నేరమేనని నా యజమానులైన సిరియా పాలకులకు తెలియక కాదు!

నన్ను చక్రాలున్న ఇనుప చట్రంలో బిగించి రెక్కలు తగిలించారు. నీళ్ల పనికి రెక్కలెందుకో?

2018 ఏప్రిల్ 7, రాత్రి ఏడున్నర ప్రాంతం. డమాస్కస్ పక్కనున్న దూమా మీద హెలికాప్టర్ నన్ను వదిలేసింది. ఓ అపార్టుమెంటు డాబా మీద పడ్డాను. స్లాబుకు చిల్లు పడింది, నా మూతి అందులో ఇరుక్కుంది. లోపలిదంతా కింది గదిలోకి పోయింది. క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, కిందికే దిగుతుంది. బాంబు పడితే కింద దాక్కోవాలి, నేను పడితే పైకి పరుగెత్తాలి. రెండూ ఒకేసారి కురిస్తే మనిషి ఎటు పోతాడు? ఆ ఒక్క ఇంట్లోనే 43 మంది పోయారు. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. నా జోడీ సిలిండర్ మరో ఇంటి కప్పు చీల్చుకుని మంచం మీద పడింది. అది కొంచెమే కారింది.

ఆ తర్వాత నా గురించి పెద్ద వాదులాట. పైనుంచి పడలేదు, ఎవరో మోసుకొచ్చి పెట్టారని సిరియా, రష్యా అన్నాయి. స్లాబులో ఇరుక్కున్న నా మూతి సంగతి మాత్రం వాళ్లకు పట్టలేదు. హేగ్‌లోని రసాయన ఆయుధాల నిషేధ సంస్థ ఇన్‌స్పెక్టర్లు వచ్చి నన్ను కొలిచారు, ఫోటోలు తీశారు, సీలు వేశారు. నన్ను కదపొద్దని గట్టిగా చెప్పారు.

అయినా సిరియా అధికారులు మమ్మల్నిద్దరినీ చెప్పాపెట్టకుండా దాదాపు 60 కిలోమీటర్లు తరలించారు. ఎక్కడికో తెలుసా? ఒకప్పుడు రసాయన ఆయుధాలు తయారైన సైనిక కేంద్రానికి! 2021 జూన్ 8న అక్కడ జరిగిన దాడిలో మేమిద్దరం ధ్వంసమయ్యామని సిరియా ప్రభుత్వం హేగ్‌కు కబురు పెట్టింది. ఊరంతటికీ నీళ్లు శుద్ధి చేయాల్సినదాన్ని, చివరికి ఒక ఉత్తరంలో రెండు ముక్కలయ్యాను.

సాక్ష్యం ఉక్కులోనే ఉంటుందనుకోవడం వాళ్ల అమాయకత్వం. నా కొలతలు, ఫోటోలు, నేను పగలగొట్టిన కాంక్రీటు నమూనాలు అప్పటికే హేగ్ చేరాయి. నన్ను జారవిడిచింది సిరియా వైమానిక దళం హెలికాప్టరేనని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని 2023 జనవరిలో ఆ సంస్థ నివేదిక తేల్చింది. నా యజమానులు ఏం చెప్పుకున్నా, నా వాంగ్మూలం మాత్రం నమోదైపోయింది.