రెప్ప కొట్టమ్మా!

ఏభై ఏళ్లుగా సర్కారు వారికి చిక్కకుండా తిరుగుతున్న దొంగ ఇన్నాళ్లకు దొరికింది. పసిబిడ్డ తల్లి. 1975లో పసిపిల్లల పోషణకని ఐసీడీఎస్ పథకం పెట్టిన నాటి నుంచీ పిల్లల తిండి దారిలో ఎక్కడ మాయమవుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. ఢిల్లీలో బయల్దేరిన రూపాయిలో పేదవాడికి చేరేది పదిహేను పైసలేనని 1985లో రాజీవ్ గాంధీయే అన్నారు. మిగతా ఎనభై ఐదూ ఈవిడే కొంగున ముడేసుకుని ఉండాలి. అందుకే 2025 జూలై నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో మొహం సరిపోలితేనే ఇంటికి రేషన్ అన్నారు.

"కాస్త వెలుతురులోకి రామ్మా. ఆఁ, రెప్ప కొట్టు" అంటుంది అంగన్‌వాడీ టీచర్. చంకలో బిడ్డ ఏడుస్తుంది. సిగ్నల్ పోతుంది. ఆధార్‌లో ఉన్నది పెళ్లికి ముందు దిగిన ఫొటో. ఇప్పుడు రక్తం లేక బుగ్గలు పీక్కుపోయాయి. ఈవిడ ఆవిడ కాదంటుంది యాప్. నాలుగు గుడ్లు తిని బుగ్గలు నిండితే గుర్తుపడుతుందేమో! గుడ్లు ఇవ్వాలంటే ముందు గుర్తుపట్టాలి మరి.

గుడ్లు పంపే కాంట్రాక్టరు మాత్రం రెప్ప కొట్టక్కర్లేదు. ఆయన మొహానికి యాప్ ఎందుకు, ఊళ్లో ప్రతి ఫ్లెక్సీ మీదా నాయకుడి పక్కనే ఉంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు 2015-16లో నూటికి 28 మంది. 2019-21 సర్వే నాటికి 33. పిల్లలు ఎదగకపోతేనేం, అంకె ఎదిగింది. ప్రపంచ ఆకలి సూచీని తోసిపుచ్చినట్టు దీన్ని విదేశీ లెక్క అనడానికీ లేదు, సర్వే మనదే.

ఇక ఫోను పట్టుకున్న ఆ టీచర్ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 11,500 రూపాయలతో బతకలేమని 2023 డిసెంబరులో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. నలభై రెండు రోజులు కూర్చున్నారు. జీతం పెంచమంటే, మీది జీతం కాదు, గౌరవ వేతనం, మీరు ఉద్యోగులే కారు అనేది పాత పాట. సమ్మె జోరందుకోగానే జనవరిలో అత్యవసర సర్వీసుల్లో సమ్మెను నిషేధించే ఎస్మా వచ్చింది. రాత్రికి రాత్రి వాళ్లది అత్యవసర సర్వీసైపోయింది. ఒకటో తారీఖుకు మళ్లీ స్వచ్ఛంద సేవే.